పీసు లెక్క లేని పొద్దు

షోలాపూర్ తూర్పు భాగంలో బతుకంతా లెక్కే. సాంచెల, అంటే మరమగ్గాల మీద నిలబడే మనిషికి ఈ పూట ఎన్ని చాదర్లు దిగాయన్నది లెక్క. గడప లోపల చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆవిడకు వెయ్యికి ఇంత అన్నది లెక్క. అంగుళానికి ఎన్ని పోగులు, బీముకు ఎన్ని గజాలు, సేఠు దగ్గర తీసుకున్న బాకీలో ఈ వారం ఎంత తెగింది? ఇంత లెక్కలో పెరిగినవాడు సుట్టీ రోజున సరదాకి సైకిలెక్కినా దాన్ని కూడా పీసు పనే చేసుకుంటాడు. పోయిన వారం ముప్పై కిలోమీటర్లు, ఈ వారం నలభై కావాలి, పక్క గల్లీవాడు యాభై కొట్టాడట. ఫోన్‌లో ఒక యాప్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు, జేబులోనే ముకద్దం కూర్చున్నట్టు.

అందుకే ఈ అధ్యాయంలో ఒక్క పద్ధతి నేర్చుకుందాం. ఎంత దూరం వెళ్లాలో పెట్టుకోకండి, ఎన్నింటికి వెనక్కి తిరగాలో పెట్టుకోండి. ఆ వేళ అయిందంటే ఎక్కడున్నా సరే, ఊరు కనబడుతున్నా సరే, హ్యాండిల్ తిప్పేయాలి. వినడానికి చిన్న విషయం. కానీ పీసు రేటు మీద బతికేవాళ్లకు, ఇంకొక్కటి చేస్తే ఇంకో రూపాయి అని చేతులకు అలవాటైనవాళ్లకు, మధ్యలో వదిలి రావడం చాలా కష్టమైన పని. దాన్ని నేర్చుకోవడానికి షోలాపూర్ నుంచి ఉత్తరంగా బార్శీ వైపు పోయే రోడ్డును మించిన చోటు లేదని నా అభిప్రాయం.

ఆ దారినే ఎందుకంటే, అది ద్రాక్షతోటల దారి. మహారాష్ట్రలో ద్రాక్ష అనగానే అందరూ నాశిక్ పేరు చెబుతారు. షోలాపూర్ అనగానే చాదరు, టవలు, బీడీ, శేంగా చట్నీ. పేటల్లో పుట్టి పెరిగిన పద్మశాలి పిల్లల్లో కూడా చాలామంది ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న నాన్నజ్ గురించి పెద్దగా వినలేదు. సంతలో కొనే పొడుగాటి పచ్చ ద్రాక్ష, గింజ లేనిది, 'సోనాకా' అంటారు చూడండి, అది పుట్టింది ఆ ఊళ్లోనే. నానాసాహెబ్ కాళే అనే రైతు థాంప్సన్ సీడ్‌లెస్ తోటలో తేడాగా కనబడిన తీగను పట్టుకుని, దాన్నే వేరుచేసి పెంచి ఆ రకాన్ని నిలబెట్టాడు. నల్ల ద్రాక్షలో 'శరద్ సీడ్‌లెస్' కూడా ఆయన చేతి మీదుగా వచ్చిందే. విశ్వవిద్యాలయం కాదు, ప్రయోగశాల కాదు, తోటలో రోజూ తిరుగుతూ తేడా పట్టుకున్న కన్ను. నేతలో ఒక్క పోగు తెగితే పది అడుగుల దూరం నుంచి పట్టేసే కన్ను మీ ఇంట్లోనూ ఉంటుంది కాబట్టి ఆ మాట విలువ మీకు నేను చెప్పనక్కర్లేదు.

మన తాతలు నిజాం ఇలాకాలోని కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు వైపుల నుంచి ఇక్కడికి వచ్చారు. 1877లో మొదలైన పాత మిల్లు, దాని తర్వాత వచ్చిన మిల్లులు, ఆ పైన చేతిమగ్గాలు, ఆ పైన సాంచెలు. ఊరి తూర్పున మనకంటూ ఒక తెలుగు ఊరు లేచింది. నారళీ పున్నమి నాడు మార్కండేయుడి రథం కదిలితే పేటలన్నీ దాని వెనకే. (ఆ రోజు సైకిల్ ప్రయాణం పెట్టుకోకండి, గల్లీ దాటడానికే మధ్యాహ్నం అవుతుంది.) ఇన్ని తరాలుగా ఇక్కడే ఉన్నా చుట్టూ ఉన్న మాళరానం, అంటే ఆ రాతి బీళ్లు, నల్లరేగడి చేలు, జొన్న, ద్రాక్ష, దానిమ్మ, వీటితో మనకు సంబంధం బస్సు కిటికీ వరకే. పండరికి పోతాం, తుల్జాపూర్ పోతాం, అక్కల్‌కోట పోతాం. దారి మధ్యలో ఎక్కడా దిగం.

ఇక శరీరం సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే మామూలు సైకిల్ పుస్తకాలు ఆఫీసులో కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం రాసినవి. సాంచె పనివాడి ఒళ్లు వేరు. పన్నెండు గంటలు నిలబడి, నాలుగు సాంచెల మధ్య తిరిగి, కాలి పిక్కలు ఎప్పుడూ బిగిసే ఉంటాయి. వాళ్లకు మొదటి అరగంట తేలికగా, అసలు బలం పెట్టకుండా తొక్కడమే మందు. గేర్లున్న సైకిలైతే పెడల్ నిమిషానికి డెబ్బై ఎనభై సార్లు తిరిగే తేలిక గేరులో ఉంచండి. గేర్లు లేని పాత నల్ల సైకిలైతే ఎత్తు వచ్చిన చోట దిగి నడవండి. నామోషీ ఏమీ లేదు.

రెండోది ఊపిరి. ఏళ్ల తరబడి పత్తి దుమ్ము పీల్చినవాళ్లలో కొందరికి సుట్టీ అయి మళ్లీ పనిలోకి దిగిన మొదటి రోజునే ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది, తర్వాతి రోజుల్లో కాస్త సర్దుకుంటుంది. మీకు అలా ఉంటే అది వయసు వల్ల వచ్చిందని అనుకోకండి. దూదిలో, నూలులో పనిచేసేవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు అది గుర్తు. సైకిల్ సంగతి తర్వాత, ముందు డాక్టరుకు చూపించుకోండి. చూపించుకున్నాక తొక్కొచ్చా, ఎంత తొక్కొచ్చు అని ఆయన్నే అడగండి.

మూడోది చెవి. ఇది ఎవరూ చెప్పరు. సాంచెల మోతలో ఏళ్లు గడిపినవాడికి వినికిడి కొంత పోతుంది, పోయిందని అతనికే తెలియదు. గల్లీలో అందరూ గట్టిగానే మాట్లాడతారు కాబట్టి తేడా కనబడదు. రోడ్డు మీద వెనక నుంచి వచ్చే లారీ హారన్ ఆలస్యంగా వినిపిస్తే మాత్రం ప్రాణాల మీదికొస్తుంది. కాబట్టి హ్యాండిల్‌కు కుడివైపు చిన్న అద్దం బిగించుకోండి. హెల్మెట్ కన్నా ముందు అద్దం కొనమంటాను, ఆ పైన హెల్మెట్ కూడా కొనమంటాను. చెవుల్లో పాటల తీగ మాత్రం వద్దు.

సైకిల్ కొత్తది అక్కర్లేదు. ఇంట్లో మూల పడి ఉన్న స్టీలు సైకిల్ చాలు. ఇటలీలోని టస్కనీలో, కియాంటీ ద్రాక్షతోటల మధ్య, గయోలే అనే ఊరి నుంచి ఏటా 'ఎరోయికా' అనే సైకిల్ యాత్ర జరుగుతుంది. 1997లో జాన్‌కార్లో బ్రోచ్చి మొదలుపెట్టాడు. దాంట్లో 1987 తర్వాతి కొత్త తరహా రోడ్డు సైకిళ్లకు ప్రవేశం లేదు. పాత ఇనుప సైకిళ్ల మీద, తెల్లటి మట్టిరోడ్ల మీద తొక్కాలి. దాని కోసం దేశదేశాల నుంచి జనం వస్తారు. మనం పాత ఇనుముకు కిలో లెక్కన వేసేద్దామనుకున్న సైకిల్ లాంటిదాన్ని అక్కడ ముద్దు చేస్తారన్నమాట. దాని బేరింగులకు గ్రీజు పెట్టించి, బ్రేకు రబ్బర్లు మార్పించి, టైర్లు మాత్రం కొత్తవి వేయించండి. నాన్నజ్ దారి పక్కన సర్కారు తుమ్మ ముళ్లకు కొదవ లేదు. ఒక ట్యూబు, ప్యాచీలు, చిన్న పంపు వెంట ఉండాలి.

మనవాళ్లు దాదాపు అందరూ చేసే తప్పు సీటు దగ్గర. సైకిల్ దుకాణం ముందు ఈ వాదన ఎప్పుడూ ఉండేదే:

"మామా, సీటు గింత మీదికి పెడితే కాలు నేలకు అందదు గదా?"

"అందకపోతే అందకపాయె. ఆగినప్పుడు దిగు. ఇప్పుడు నువ్వు మోకాలు మడిచి తొక్కుతున్నవురా అల్లుడా, ఊరు దాటకముందే మోకాటి చిప్ప గుంజుతది."

మామ చెప్పిందే నిజం. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టండి. పెడల్ పూర్తిగా కిందికి వెళ్లినప్పుడు కాలు చక్కగా సాగాలి. అప్పుడు ముందరి పాదంతో తొక్కితే మోకాలు కొంచెమే వంగి ఉంటుంది. హ్యాండిల్‌ను బిగించి పట్టుకోకండి. మోచేతులు వదులుగా ఉంచితే గుంతల అదురు భుజాల దాకా రాదు.

వేళ సంగతికొద్దాం. జనవరిలో ఇక్కడ ఏడింటికి గానీ పొద్దు పొడవదు, ఏప్రిల్‌లో ఆరు గంటలకే వెలుతురు. ఎండాకాలం మధ్యాహ్నాలు నలభై దాటే ఊరు మనది. కాబట్టి ఏప్రిల్‌లో ఐదున్నరకు బయల్దేరి, ఏడుంబావుకల్లా తిరుగుముఖం పట్టాలి. నాన్నజ్ వచ్చినా రాకపోయినా. జనవరిలో తొమ్మిదిన్నర దాకా తిరగొచ్చు. పొద్దున గాలి మందంగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ లేస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి ఉంటే అదృష్టం అనుకోండి, వచ్చేటప్పుడు అదే నెడుతుంది. గాలి వెనక నుంచి నెడుతూ ఉంటే హుషారుగా ముందుకు పోతూనే ఉంటాం. ఆ రోజు గడియారం చెప్పిన వేళ కన్నా కూడా ముందే తిరగండి.

నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, ఎండ ఎక్కువైతే ఇంకా. ఒక సీసాలో ఉత్త నీళ్లు, ఇంకో దాంట్లో ఉప్పు, చక్కెర, నిమ్మ. తలనొప్పి మొదలై, చెమట ఆగిపోయి, మాట తడబడితే అది అలసట కాదు, వడదెబ్బ. నీడలోకి చేరి, టవలు తడిపి మెడకూ తలకూ చుట్టి, ఫోన్ చేసి ఎవరినైనా పిలిపించుకుని ఆసుపత్రికి పోవాలి. మీరు నేసిన టెర్రీ టవలును మించిన వస్తువు ఆ పనికి లేదు, ఒకటి ఎప్పుడూ సైకిల్‌కు కట్టుకోండి. చేను పక్కన ఎవరైనా కనబడితే మొహమాటపడకుండా అడగండి, "దాదా, పాణీ మిళేల్ కా?" అని. ఈ ప్రాంతపు రైతు నీళ్లు లేవనడం నేను వినలేదు. నీళ్లతో పాటు ఏ ఊరు, ఎవరి కొడుకువి అనే విచారణ కూడా ఉంటుంది, దానికి ఓపిక పట్టండి.

తినడానికి కడక్ భాకరి, శేంగా చట్నీ, పిడికెడు ఎండుద్రాక్ష. ఇది సలహా మాత్రమే కాదు, గర్వం కూడా. ఫారిన్ పొట్లాల్లో వచ్చే తీపి జిగురు కొనడం కన్నా అదే పని చేసే బేదాణా, అంటే ఈ ఎండుద్రాక్షే, మన జిల్లాలోనే ఎండుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వెళితే రోడ్డు పక్కన పచ్చని నీడవలల కింద అంతస్తులు అంతస్తులుగా జాలీలు కనబడతాయి. గుత్తుల్ని పొటాషియం కార్బొనేటు, డిప్పింగ్ ఆయిల్ కలిపిన నీళ్లలో ముంచి ఆ జాలీల మీద పరిస్తే పది పదిహేను రోజుల్లో ఎండుతాయి. ముంచకపోతే తొక్క మీది మైనం తేమను బయటికి పోనివ్వదు.

తోట పంచాంగం తెలిస్తే ప్రయాణానికి రుచి పెరుగుతుంది. చలి దేశాల్లో ద్రాక్షతీగ శీతాకాలమంతా నిద్రపోతుంది. ఇక్కడ దానికి నిద్ర లేదు. అందుకే రైతు కత్తెరతో రెండుసార్లు దాని కాలాన్ని తిరగరాస్తాడు. కోత అయ్యాక ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, కొమ్మ కోసం. అక్టోబర్‌లో ఇంకొకటి, కాయ కోసం. పండు జనవరి నుంచి ఏప్రిల్ దాకా. అక్టోబర్, నవంబర్లలో వెళితే చిగురు తప్ప ఏమీ ఉండదు, కానీ ఎండ తక్కువ, ఆకు లేతది. ఆ నెలల్లో ఒక జాగ్రత్త. అక్టోబర్ కత్తిరింపు తర్వాత బూజు తెగులు భయంతో మందు కొడుతూనే ఉంటారు. ట్రాక్టరుకు బిగించిన బ్లోయర్ తిరుగుతూ తోటలో పొగలా లేస్తుంటే, గాలి ఎటు వీస్తుందో చూసుకుని అవతలే ఆగండి. వెళ్లిపోయాక కదలండి.

రోడ్డు అంచున వేలాడుతున్న గుత్తి కోసి నోట్లో వేసుకోవద్దని వేరే చెప్పాలా? చెప్పాలి, ఎందుకంటే దీని వెనక ఒక కథ ఉంది. 1882లో ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో మిల్లార్డే అనే వృక్షశాస్త్రజ్ఞుడు తోటల పక్కన నడుస్తున్నాడు. ఊరంతా బూజు తెగులుతో ఆకులు రాలిపోతుంటే, దారి అంచు తీగలు మాత్రం పచ్చగా ఉన్నాయి. అడిగితే, దారినపోయేవాళ్లు కోసుకు తినకుండా మైలతుత్తం, సున్నం కలిపి పూశామని చెప్పారు. నీలి మరకలు చూసి జనం విషమని వదిలేస్తారని వాళ్ల ఉపాయం. 1885 నాటికి ఆయన దాన్ని మందుగా తేల్చాడు. తెలుగు రైతులందరికీ తెలిసిన బోర్డో మిశ్రమం అదే. ద్రాక్షసాగులో అంత పెద్ద మందు దారినపోయే కక్కుర్తిగాళ్ల వల్ల బయటపడిందని నాకు ఎప్పుడు తలచుకున్నా నవ్వొస్తుంది. మనం ఆ జాబితాలో చేరకుండా, రైతును అడిగి, డబ్బిచ్చి కొని, కడిగి తిందాం.

రోడ్డు మీద అసలు ప్రమాదం చెరకు ట్రాక్టర్లు. దసరా, దీపావళి దాటి వేసవి మొదలయ్యేదాకా ఫ్యాక్టరీలు నడుస్తాయి. ఒక ట్రాక్టరు వెనక రెండు ట్రాలీలు, పక్కలకు పొడుచుకొచ్చిన గడలు, వెనక దీపం సాధారణంగా ఉండదు. చీకట్లో దాని వెనక వెళ్లొద్దు, పక్క నుంచి దాటొద్దు. రోడ్డు దిగి దాన్ని పోనివ్వండి. హైదరాబాద్–పుణె హైవే మీద తొక్కడం కూడా నాకు ఇష్టం లేదు. మన పెద్దలు వచ్చిన దిక్కు అదే కావచ్చు, అయినా వాళ్లను ఎవరూ గంటకు వంద వేగంతో వెనక నుంచి తరమలేదు.

నాన్నజ్ దగ్గర తోటలు ఒకవైపైతే గడ్డిబీళ్లు ఇంకోవైపు. బట్టమేక పిట్ట కోసం 1979లో ఇక్కడ అభయారణ్యం ప్రకటించారు. మరాఠీలో దాన్ని మాళ్‌ఢోక్ అంటారు. మొదట ఎనిమిదిన్నర వేల చదరపు కిలోమీటర్ల దాకా గీసిన హద్దును 2012లో దాదాపు 1,222కు కుదించారు. పిట్ట కనబడుతుందన్న ఆశతో పోకండి, ఆంధ్రలోని రోళ్లపాడు అభయారణ్యంలో లాగే ఇక్కడా అది దాదాపు పోయినట్టే. కృష్ణజింకలు మాత్రం కనబడతాయి. ఒకటి రోడ్డు దాటిందంటే వెనక ఇంకా ఉన్నాయని అర్థం, బ్రేకు పట్టి ఆగండి. తోడేళ్లున్నాయని భయపడేవాళ్లుంటారు, అవి మనిషిని చూస్తే దూరం పోతాయి. వస్తీల దగ్గరి కుక్కలే సమస్య. వేగం పెంచితే వెంటపడతాయి. దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య ఉంచుకుని నడిస్తే చాలాసార్లు వదిలేస్తాయి.

వైన్ మాట రాకుండా ద్రాక్షతోటల అధ్యాయం ముగియదు కదా. నాన్నజ్‌ది తినే ద్రాక్ష, ఎండబెట్టే ద్రాక్ష. వైన్ ద్రాక్ష చూడాలంటే ఇదే జిల్లాలో నూరు కిలోమీటర్ల పైన ఉన్న అక్లూజ్ వైపు పోవాలి. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం వైన్ తయారీకి ఎక్సైజ్ రాయితీలతో విధానం తెచ్చాక రాష్ట్రంలో కొత్త తోటలు వచ్చాయి. అక్లూజ్ మోహితే-పాటిల్ సోదరులు, ఢిల్లీ సెఖ్రీ సోదరులు, ఇటలీ సెచ్చి సోదరులు కలిసి ఫ్రాటెల్లి పెట్టారు. టస్కనీ నుంచి వచ్చిన పియెరో మాసీ చేతిలో సాంజొవేజే లాంటి ఇటలీ రకాలు మాళ్‌శిరస్ తాలూకా నేల మీద పెరిగాయి. పందిరి ఉండదు. ద్రాక్షతీగల్ని నిలువు వరుసల్లో ఇనుప వైర్ల మీదికి పాకిస్తారు. కాయ చిన్నది, తొక్క మందం, గింజ ఉంటుంది. చేతిలో పట్టుకుని చూస్తే, సోనాకాకు అలవాటుపడ్డ మనకు ఇదేం పండు అనిపిస్తుంది.

అక్కడికి ఒక్క రోజులో పోయి రావాలని ఎవరైనా అంటే వద్దంటాను. పండరిపురంలో రాత్రి ఆగండి, ధర్మశాలలకు లోటు లేదు. ఆషాఢ, కార్తీక ఏకాదశుల దగ్గర మాత్రం ఆ దారి సైకిల్‌కు పనికిరాదు. పండరిపురం తాలూకాలో కాసేగావ్ లాంటి ద్రాక్ష ఊళ్లు మధ్యలో చూసుకోవచ్చు. తాగడం విషయంలో నా నియమం కఠినం. మళ్లీ సైకిల్ ఎక్కే పని ఉన్న రోజు చుక్క కూడా వద్దు. వైన్‌లో పన్నెండు పద్నాలుగు శాతం ఆల్కహాల్ ఉంటుంది, ఎండలో నీరు కోల్పోయిన ఒంటికి అది రెట్టింపు దెబ్బ. ఇక మన పేటల్లో తాగుడు ఎన్ని ఇళ్లను ఖాళీ చేసిందో మీకు తెలుసు. ఇంట్లో ఆ గాయం ఉంటే రుచి చూసే గది దాకా వెళ్లకుండా తోట చూసి రావడంలో లోటేమీ లేదు. తోటే చూడాల్సింది.

ఆడవాళ్ల మాట. పొద్దంతా బాసింపట్టు వేసుకుని, మెడ వంచి బీడీలు చుట్టేవాళ్లకు నడుము, మెడ, మోకాళ్లు నొప్పి. వాళ్లకు సైకిల్ మేలు చేస్తుంది, హ్యాండిల్ ఎత్తుగా, నడుము నిటారుగా ఉండే లేడీస్ సైకిలైతే. బడికి పోయేటప్పుడు తొక్కిన అమ్మాయిలు పెళ్లయ్యాక ఎందుకు మానేశారన్న ప్రశ్న ఇంట్లో మగవాళ్లు వేసుకోవాలి. కుంభారీ బీడీ ఘర్కుల్ లాంటి చోట వెడల్పు దారులున్నాయి. పొద్దున్నే ఇద్దరు ముగ్గురు కలిసి అరగంట తొక్కడంతో మొదలుపెట్టొచ్చు, నాన్నజ్ తొందరేమీ లేదు. ఆ అరగంట ఇంటి పనిలోంచి కాకుండా సుట్టీలోంచి రావాలి. అంటే ఆ పూట పొయ్యి దగ్గర ఇంకెవరో ఉండాలి.

తిరిగొచ్చాక చేసే పని చిన్నది. వానాకాలమైతే నల్లరేగడి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఇరుక్కుని ఎండితే రాయి అవుతుంది, తడిగా ఉండగానే పుల్లతో తీసేయండి. చైను పాత గుడ్డతో తుడవండి. సాంచెకు వేసే పల్చటి నూనె పనికొస్తుంది, లింకుకు ఒక చుక్క, పైన మిగిలింది మళ్లీ తుడిచేయాలి, లేకపోతే దూదిదుమ్ము పట్టేస్తుంది. ఎంత దూరం పోయొచ్చావని ఎవరైనా అడుగుతారు. ఏడుంబావుకు తిరిగానని చెప్పండి.